సగం వేడిలో గాజు

ఇంటి దగ్గర,
వంటింటి గుమ్మంలో కూర్చుని

వదినగారికి, మీ తమ్ముడి భార్య నమస్కారాలు.

ముందుగా నా చేతిరాతనూ, నా తప్పులనూ మన్నించండి. నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియని చోట సిరా ఒలికినట్టు చేశాను. మీరే సర్దుకుని చదువుకోండి.

మీరు నన్ను చూడలేదు. మా పెళ్ళికి మీరు రాలేకపోయారు. నేను మాత్రం మిమ్మల్ని రోజూ గోడ మీద చూస్తుంటాను. రెండు జడలు, చేతిలో పలక, ఫోటో తీసేవాడి మీద కోపం. ఆ కోపం చూసే మీకు రాయవచ్చనిపించింది.

మీ తమ్ముడు మీకు రాసే ఉత్తరాలు డబ్బాలో వేసేది నేనే. "ఇక్కడ అందరం క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను." మీ జవాబూ అంతే ఉంటుంది. క్షేమానికి క్షేమం చెల్లు. కానీ ఇక్కడ క్షేమంగా లేదు వదినగారూ.

గాజు కర్మాగారంలో చల్లార్పు పొయ్యి గురించి మీకు నేను చెప్పేదేముంది! ఊదిన గొట్టాలూ జాడీలూ ఒక్కసారిగా చల్లబడితే పగులుతాయని, ఆ పొయ్యిలో పెట్టి మెల్లగా చల్లారుస్తారు కదా. మామగారు నిలబడిన చోటే ఇప్పుడు ఈయన నిలబడుతున్నారు. ఈ సంవత్సరం ఆసుపత్రుల కోసం వేడికి తట్టుకునే కొత్త గాజు చేస్తున్నారు. కొలిమిలో నుంచి తీసినప్పుడు నీళ్ళలా తేటగా ఉంటుందట. ఈయన పొయ్యిలో నుంచి బయటికి వచ్చేసరికి పాలు కలిపినట్టు మసకగా ఉంటోంది. పొగ చూరిందేమోనని చిమ్నీ కడిగించారు. తడి చేరిందేమోనని వాటినే మళ్ళీ పొయ్యిలో పెట్టి ఇంకా కాసేపు ఉంచారు. ఇంకా తెల్లబడ్డాయి.

యజమాని పిలిచి, వానలు తగ్గాక పెద్ద ఆసుపత్రి సరుకు పొయ్యికెక్కుతుంది, అదీ ఇలాగే వస్తే నిన్ను వెనక దొడ్లో గాజుముక్కలు దంచే పనికి పంపుతాను అన్నాడట. ఈయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కంచం అంచు చూస్తూ ఉండిపోయారు.

మీరు చదివేదేమిటో నాకు తెలియదు. కానీ ఒకసారి ఈయన పక్కింటివాళ్ళతో గొప్పగా చెప్తుంటే విన్నాను. "మా అక్క మామూలు మనిషి కాదు. కలిసిపోయిన రెండు వస్తువులు వాటంతటవే ఎలా విడిపోతాయో కాగితం మీద లెక్క కట్టేస్తుంది." మీ ముందు ఆ మాట అనరు గానీ వెనక అంటారు. పాలలాంటి ఈ గాజు కూడా విడిపోవడమేనా అని నాకు అనుమానం. ఒక ముక్క గుడ్డలో చుట్టి పంపుతున్నాను.

నేను రాసినట్టు ఆయనకు తెలిస్తే చిన్నతనంగా అనుకుంటారు. జవాబు మా వీధిలో దర్జీ అక్క పేరున రాయండి. చదివాక దీన్ని కాల్చేయండి.

మీ మరదలు

*

విశ్వవిద్యాలయం,
కిటికీ లేని గది

మరదలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం కాల్చలేదు. ఈ భవనంలో అగ్గిపుల్ల గీస్తే గంట మోగి అందరూ మెట్ల మీదికి పరుగెత్తాలి. కాబట్టి దాచాను. ఒత్తుల సంగతి వదిలెయ్. నీ సిరా మరకలు మా విశ్వవిద్యాలయం పెద్దల సంతకాలకంటే చక్కగా ఉన్నాయి.

పెళ్ళికి రానిదాన్ని నువ్వు ఒక్క మాటతో వదిలేశావు. వాడు వదల్లేదు. రాలేనని రాసిన రోజు నుంచీ నాకు క్షేమాలు మాత్రమే పంపుతున్నాడు. నేనూ పౌరుషం కొద్దీ క్షేమాలే పంపాను.

నీ అనుమానం సరైనదే అనిపిస్తోంది. అది పొగ కాదు, తడీ కాదు. నీకు అర్థమయ్యేలా చెప్పగలనో లేదో చూస్తాను. చెప్పలేకపోతే నాకే సరిగ్గా అర్థం కాలేదన్నమాట.

గళ్ళ కాగితం ఒకటి ఊహించుకో. గాజులో రెండు సరుకులు కలిసి ఉన్నాయి. ఏ గడిలో ఏది ఎక్కువగా ఉందో ఒక అంకెతో చెప్తాం. మొత్తం మొదటిదే అయితే ఒకటి. మొత్తం రెండోదే అయితే రుణం ఒకటి. సగం సగం అయితే సున్న. బాగా కాగుతున్నప్పుడు అన్ని గళ్ళూ సున్న దగ్గరే సుఖంగా ఉంటాయి. కొంచెం చల్లబడ్డాక ఆ సుఖం పోతుంది. ప్రతి గడీ ఏదో ఒక పక్షం చేరాలనుకుంటుంది. ఇది మొదటి కోరిక. కానీ ఇటు ఒకటి, పక్కనే అటు ఒకటి ఉంటే ఆ మధ్య హద్దు గాజుకు భారం. హద్దు ఎంత తక్కువుంటే అంత హాయి. ఇది రెండో కోరిక. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. వీటి మీద ఒక కట్టుబాటు ఉంది. ఏదీ కొత్తగా పుట్టదు, ఏదీ మాయమవదు. ఒక గడి పోగొట్టుకున్నది పక్క గడికి చేరాల్సిందే.

రెండు కోరికలు, ఒక కట్టుబాటు. ఆ సమీకరణం ఇంతే. ఒక్క వరుసలో పడుతుంది. రాసింది నేను కాదు, నాకంటే పెద్దవాళ్ళు. దాన్ని విప్పి, ఫలానా గాజులో ఫలానా వేడి దగ్గర ఒకే పక్షం గళ్ళు గుమిగూడిన మచ్చలు ఎంత పెరుగుతాయో చెప్పడం నా పని. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క వరుసను చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అంత చిన్న వాక్యం ఇంత చిక్కటి నమూనాలు గీస్తుందంటే నమ్మబుద్ధి కాదు.

నీ ముక్క ఒక్కటే అయితే చాలదు. పొయ్యిలో కొద్దిసేపున్నవీ, ఎక్కువసేపున్నవీ కావాలి. ప్రతి ముక్కనూ ముందు నల్లటి గుడ్డ మీద పెట్టి చూడు, తర్వాత వెలుతురుకెత్తి చూడు. ఏ రంగు కనిపించినా దాచకుండా రాయి.

నీ వదిన

*

ఇంటి దగ్గర,
నీళ్ళు పట్టుకొచ్చాక

వదినగారికి,

మీ ఉత్తరం దర్జీ అక్క ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు మధ్య నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. మూడోసారికి అర్థమైంది. నాలుగోసారి సంతోషం కోసం చదివాను.

మీ గళ్ళు మా వీధి కుళాయి దగ్గర ఉన్నాయి వదినగారూ! పొద్దున్నే వచ్చేసరికి ఆడవాళ్ళందరూ కలిసి ఉంటారు. కాసేపటికి ఎవరో ఎవరి బిందెనో జరుపుతారు. అంతే, అటు కొందరు, ఇటు కొందరు. మధ్యలో నిలబడినదానికి మాత్రం రెండువైపులా చీవాట్లు పడతాయి కాబట్టి అది కూడా ఏదో గుంపులోకి జారుకుంటుంది. అలా హద్దు తగ్గిపోతుంది. చిన్న గుంపులు కరిగిపోయి పెద్ద గుంపులో కలుస్తాయి. కానీ బిందెలు మొత్తం అన్నే. మీ కట్టుబాటు అదేనా? మీతో ఇలా పరాచికాలాడినందుకు మన్నించండి. నిన్న ఈ మాట దర్జీ అక్కతో అంటే, "నీకు చదువు అబ్బింది సరే, రేపు కుళాయి దగ్గర నువ్వు ఏ పక్షమో చెప్పు" అంది.

ఈయన రోజూ విరిగిన ముక్కలు బుట్టలో వేసుకుని ఇంటికి తెస్తారు. కిటికీ గట్టు మీద వరుసగా పెట్టుకుని, చనిపోయినవాళ్ళను చూసినట్టు చూస్తారు. ఆయన వెళ్ళాక నేను నా నల్ల చీర చెంగు మీద ఒక్కొక్కటీ పెట్టి చూశాను. కొన్ని నీళ్ళలా ఉన్నాయి. కొన్ని నల్లచీర మీద పొగలా లేత నీలంగా ఉన్నాయి. అవే వెలుతురుకెత్తితే తేనె రంగుగా మారాయి! నా కళ్ళే చెడ్డాయేమోనని దర్జీ అక్కకు చూపించాను. ఆవిడకూ అంతే కనిపించింది. ఇక బాగా మసకగా ఉన్నవైతే ఎటు చూసినా పాలే.

ఏది ఎంతసేపు పొయ్యిలో ఉందో ఎలా తెలుసుకోవాలా అనుకుంటుంటే, ఈ మధ్య బుట్టలోని ముక్కలకు ఎర్రదారం కట్టి ఉంటోంది. దారానికి ముడులు.

"ఇదేమిటండీ?" అన్నాను.

"పొయ్యిలో ఎన్ని గంటలుందో గుర్తు. గంటకో ముడి."

"ఇదివరకు ఉండేవి కావే?"

"ఇప్పుడు కడుతున్నాం. ఎందుకే నీకు?"

"ఊరికే."

"ఊరికే అడిగేదానివి చెవులు ఎర్రబడకుండా అడగాలి" అని నవ్వి వెళ్ళిపోయారు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

దారాలు విప్పకుండా ముక్కలన్నీ పంపుతున్నాను. మళ్ళీ పొయ్యిలో పెట్టినవి వేరే మూటలో ఉన్నాయి. ఒక సందేహం. ఇలా విడిపోయిన గాజు మళ్ళీ కలవదా?

దీన్నైనా కాల్చండి. మెట్ల మీదికి పరుగెత్తాల్సి వచ్చినా సరే.

మీ మరదలు

*

విశ్వవిద్యాలయం,
అదే గది, ఇప్పుడు బల్లంతా గాజు

మరదలా,

కుళాయి మాట చదివి గట్టిగా నవ్వాను. పక్కగదాయన తలుపు తట్టి, ఒంట్లో బాగుందా అని అడిగాడు. అదే కట్టుబాటు. బిందెలు మొత్తం అన్నే.

నువ్వు చూసిన నీలం, తేనె రంగు నీ కళ్ళ జబ్బు కాదు. మచ్చలు మరీ చిన్నగా ఉన్నప్పుడు వెలుతురులోని నీలాన్ని పక్కలకు చిమ్ముతాయి, మిగిలినదాన్ని పోనిస్తాయి. మచ్చలు పెరిగాక అన్ని రంగులనూ చిమ్ముతాయి, అదే పాలు. నేను లెక్క కట్టి ఏ ముక్క ఏ రంగులో ఉండాలో ముందు కాగితం మీద రాసుకున్నాను. తర్వాత నీ మూట విప్పాను. ఒక్కటి తప్ప అన్నీ అలాగే ఉన్నాయి. ఆ ఒక్కదాన్నీ మళ్ళీ చూస్తే, దాని దారం జారి పక్కదానికి చుట్టుకుంది.

ఎన్నో ఏళ్ళుగా కాగితం మీద మాత్రమే చూసినదాన్ని నువ్వు చీర చెంగులో కట్టి పంపావు.

ఇప్పుడు అసలు సంగతి. గాజును మసకబారుస్తున్నది వాడి శ్రద్ధే. పగలకూడదని పొయ్యిని కావలసినదానికంటే వేడిగా ఉంచుతున్నాడు, కావలసినదానికంటే ఎక్కువసేపు ఉంచుతున్నాడు. ఆ వేడి రెండు సరుకులనూ కలపడానికి చాలదు, కానీ అవి నడిచి వెళ్ళి తమ తమ గుంపుల్లో చేరడానికి చక్కగా చాలుతుంది. పైగా మచ్చ రెండింతలు పెరగాలంటే ఎనిమిదింతల కాలం పడుతుంది. అంటే ఎక్కువ చెరుపు మొదట్లోనే జరిగిపోతుంది. గంటో రెండు గంటలో తగ్గిస్తే సరిపోదు. మంట తగ్గించాలి. గాజులోని బిగువు సడలేంత వేడి ఉండాలి, మచ్చలు నడవలేనంత చల్లగా ఉండాలి. ఆ సందు ఇరుకైనదే గానీ, ఉంది. ఎంత వేడో, ఎంతసేపో వేరే కాగితం మీద రాశాను. వాడికి ఎలా చెప్తావో నీ ఇష్టం.

నీ సందేహానికి జవాబు: కలుస్తుంది. పూర్తిగా కాగనిస్తే హద్దులన్నీ కరిగిపోయి మళ్ళీ ఒకటే గాజు అవుతుంది. సగం వేడిలో ఉంచినంతకాలం మాత్రం ఎన్నేళ్ళున్నా విడిపోతూనే ఉంటుంది.

నా సంగతి కూడా చెప్పాలి. వచ్చే నెల నేను పెద్దల ముందు నిలబడి నా పని వినిపించాలి. పోయినసారి వాళ్ళు, "సమీకరణం అందంగా విప్పావు, ఇది లోకంలో ఎక్కడైనా కనిపిస్తుందా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అన్నీ సర్దుకుని ఎక్కడైనా పంతులమ్మగా చేరిపోదామనుకున్నాను. నీ మొదటి ముక్క ఆ వారమే వచ్చింది.

నీ వదిన

*

ఇంటి దగ్గర,
కిటికీ గట్టు పక్కన

వదినగారికి,

చెప్పేశాను. ఎలా చెప్పానో వినండి.

మీ కాగితం జాకెట్లో దాచుకుని సాయంత్రం దాకా తిరిగాను. ఆయన ముక్కలు గట్టు మీద పెడుతుంటే, "ఏమండీ, పొయ్యి మంట కొంచెం తగ్గిస్తే?" అన్నాను.

"ఎంత?"

చదువుకున్న పాఠం అప్పజెప్పినట్టు అంతా చెప్పేశాను. ఎంత వేడి, ఎంతసేపు, మచ్చలు నడవడం, ఎనిమిదింతలు. ఆయన వింటూ నిలబడ్డారు.

"ఇదంతా నీకే తట్టిందా?"

"ఆ."

"మా అక్కకు కూడా తట్టిందా?"

ఆయన గట్టు మీద కూర్చుని, "దర్జీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు. మొదటి ఉత్తరం వచ్చిన రోజే చెప్పింది. కవరు మీద మా అక్క చేతిరాత చూశాను. ఎర్రదారం ఎక్కడిదనుకున్నావు? దర్జీ అక్క దగ్గరే తెచ్చాను" అన్నారు.

వదినగారూ, ముడులు కట్టింది ఆయనే! కర్మాగారం పద్ధతి కాదు. మీకు ఏం కావాలో ఊహించి, ఒక్కో ముక్కకు కట్టి, నేను చూసేలా బుట్టలో పైన పెట్టేవారు.

"మరి మీరే రాయవచ్చు కదా?" అన్నాను.

"ఏమని రాయను? పెళ్ళికి రాలేదని ఇన్నేళ్ళు ముఖం మాడ్చుకుని, ఇప్పుడు పని పడింది అక్కా అనాలా?"

తర్వాత మీ కాగితం తీసి చేతికిచ్చాను, చాలాసేపు చూశారు. "మంట తగ్గిస్తే పగులుతాయి. నాన్న ఉన్నప్పుడు ఒక జాడీ ఎవరి చేతిలోనో పగిలి వేళ్ళు తెగాయి. ఎక్కువసేపు ఉంచినవాడు చెడిపోడు అని నాన్న నాకు నేర్పాడు. అక్క లెక్క తప్పయితే?"

"ఆవిడ రంగులు ముందే రాసుకుని తర్వాత మూట విప్పిందట. ఒక్కటే తప్పింది. అదీ మీ దారం జారినందుకు" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. "నా ముడి జారదు."

"జారింది."

"జారదే!"

"లెక్క చెప్తోంది, జారిందని."

మా పెళ్ళయ్యాక ఆయన మాటకు నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఇద్దరం నిర్ఘాంతపోయాం. పొద్దున మీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు. మంట తగ్గిస్తారో లేదో చెప్పలేదు. ఆసుపత్రి సరుకు ఈ వారమే పొయ్యికెక్కుతుంది.

కాల్చడం సంగతి మీ దయ.

మీ మరదలు

*

విశ్వవిద్యాలయం,
మెట్ల మీద కూర్చుని

మరదలా,

తొందరలో రాస్తున్నాను. పెద్దల ముందు నా పని వినిపించడం ఇప్పుడే అయింది. మళ్ళీ అదే ప్రశ్న వేశారు. నేను నల్లగుడ్డ పరిచి, ముడుల వరుసలో నీ ముక్కలు పేర్చాను. నీళ్ళు, నీలం, తేనె, పాలు. పక్కన నా లెక్క పెట్టాను. అందరికంటే పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చి, ఒక్కో ముక్కనూ వెలుతురుకెత్తి చూశాడు. చిన్నపిల్లాడిలా మళ్ళీ మొదటి నుంచి చూశాడు. "ఈ ముడులు ఎవరు కట్టారు?" అన్నాడు. "మా తమ్ముడు" అన్నాను. "రంగులు ఎవరు చూశారు?" అన్నాడు. "మా మరదలు." నా పనిని ఒప్పుకున్నారు. ఆ రెండు పేర్లూ నా పుస్తకం మొదటి పేజీలో ఉంటాయి.

ఒక గంట సంతోషంగా ఉన్నాను. తర్వాత పొయ్యి గుర్తొచ్చింది. కాగితం మీద తప్పితే చెరిపేసుకుంటాను. అక్కడ తప్పితే వాడు దొడ్లో గాజు దంచుతాడు. నాన్న మాట కాదని నా మాట వినమన్నాను. లెక్క మూడుసార్లు సరిచూశాను, ఈ ఉత్తరం డబ్బాలో వేసి నాలుగోసారి చూస్తాను.

ఏం జరిగిందో వెంటనే రాయి. నాకు సెలవులు ఉన్నాయి. రమ్మంటే వస్తాను. నీ ఉత్తరాలన్నీ తెస్తాను, వాడికి చదివి వినిపిస్తాను.

నీ వదిన

*

ఇంటి దగ్గర,
అన్ని తలుపులూ తెరిచి

వదినగారికి,

మంట తగ్గించారు.

మేస్త్రీ వద్దన్నాడట. యజమాని, పగిలితే నీదే పూచీ అన్నాడట. ఈయన మీ కాగితం పొయ్యి పక్కన మేకుకు గుచ్చి, మీరు రాసిన చోటే వేడి ఉంచారు. పొయ్యి తెరిచే రోజు నేను ఇంట్లో ఉండలేక, అన్నం క్యారేజీ వంకతో వెళ్ళాను. ఎప్పుడూ గేటు దాటి లోపలికి వెళ్ళినదాన్ని కాదు. వెళ్ళి ఒక స్తంభం పక్కన నిలబడ్డాను.

తలుపు తీశారు. ముందు వరుసలో రెండు జాడీలు పగిలి ఉన్నాయి. మేస్త్రీ నాలుక చప్పరించాడు. ఈయన ఆ రెండూ పక్కన పెట్టి, తర్వాతది తీసి వెలుతురుకెత్తారు. జాడీ ఉన్నట్టే కనిపించలేదు వదినగారూ. ఆయన వేళ్ళు కనిపించాయి, జాడీ అవతల స్తంభం పక్కన నేను కనిపించాను. రెండోది తీశారు, మూడోది తీశారు. అన్నీ నీళ్ళే. మేస్త్రీ ఒకదాంట్లో చెయ్యి పెట్టి, "నిజంగా ఉందా ఇది?" అన్నాడు. యజమాని వచ్చి చూసి ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడమట. పొయ్యి ఈయనదే.

అప్పుడు ఈయన పొయ్యి వెనక్కి వెళ్ళారు. నేను క్యారేజీ పట్టుకుని వెనకే వెళ్ళాను. గోడకు ఆనుకుని ఏడుస్తున్నారు. నన్ను చూసి, "పొయ్యి సెగ" అన్నారు. నేను, "అవునండీ, బాగా సెగ" అన్నాను. "చూశావా, మా అక్క! ఎక్కడో గదిలో కూర్చుని, పొయ్యి మొహం చూడకుండా!" అన్నారు. అంత గర్వం మనిషి ముఖం మీద నేను చూడలేదు.

ఇంటికొచ్చి మీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. పెద్ద కాగితం తీసుకుని చివరికి ఏం రాశారో చెప్పనా? "ఇక్కడ అందరం క్షేమం. సరుకు బాగా వచ్చింది. నువ్వు క్షేమమని తలుస్తాను." నాకు ఒళ్ళు మండింది. దాన్ని డబ్బాలో వేయలేదు. వంటింటి పొయ్యిలో వేశాను. మా ఇంట్లో గంట మోగదు.

మీరు రండి. తప్పకుండా రండి. ఒక్క మనవి. గుమ్మంలో నిలబడి ఆయన, "ప్రయాణం బాగా జరిగిందా?" అంటారు. మీరు, "బాగానే జరిగింది" అంటారు. అలా మాత్రం అనకండి. ఇన్నేళ్ళూ మీ ఇద్దరూ ఉన్నది ఆ సగం వేడిలోనే. పెళ్ళికి ఎందుకు రాలేదో ఆయన్ని గట్టిగా అడగనివ్వండి. మీరూ గట్టిగా చెప్పండి. వీధి మొత్తం విన్నా ఫరవాలేదు, దర్జీ అక్కకు ఎలాగూ తెలుస్తుంది. పూర్తిగా కాగితే హద్దులు కరుగుతాయని మీరే రాశారు. అన్నం నేను వేడిగా ఉంచుతాను, మీరు ఎంతసేపు పోట్లాడుకున్నా సరే.

నా ఉత్తరాలన్నీ తెచ్చి ఆయనకు చదివి వినిపిస్తానన్నారు. తెండి, నాకు భయం లేదు. సిరా మరకలు కూడా చూపించండి. ఈ ఒక్కటి మాత్రం తేకండి. పొయ్యి సెగ అన్నది నేను నమ్మాననే ఆయన అనుకుంటున్నారు. అలాగే అనుకోనివ్వండి. గంట మోగినా, అందరూ మెట్ల మీదికి పరుగెత్తినా సరే, దీన్ని కాల్చేయండి.

మీ మరదలు